ఫోను లేనినాడు గిటార్ పెడల్ పలుకునా?

గిటార్ తీగ కంపించుటచే పుట్టిన విద్యుత్సంకేతమును ఆంప్లిఫయరును చేరకమునుపే త్రోవలో పట్టుకొని, దానిని కర్కశముగా గాని కోమలముగా గాని ప్రతిధ్వనియుతముగా గాని మార్చి విడుచు చిన్న లోహపుపెట్టెకు పెడల్ అని పేరు. 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అను పెట్టె మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో, రెండు చిన్న బ్యాటరీలతో అంగడికి వచ్చినది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమునకు చెందిన కీత్ రిచర్డ్స్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో దానిని ఉపయోగించిన పిమ్మట దాని గొంతు లోకమంతట వినబడినది. అట్టి పెట్టె నేడు మూగవోయినను, సోల్డరింగ్ చేతనైన రేడియో మెకానిక్ మూత విప్పి, చెడిన భాగమును తీసి మరియొకటి అమర్చి, దానిని మరల పలికింపగలడు.

ఇప్పటి పెడళ్లలో పెక్కింటికి ఆ మెకానిక్ చాలడు. వాని లోపల నున్నది ఒక చిన్న గణనయంత్రము. దానిని నడపునది సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేరును మార్చుటకు, కొన్నింటిలో ముఖ్యమైన గుణములను ముట్టుకొనుటకు సైతము, ఫోనులో యాప్ గాని కంప్యూటరులో ఎడిటర్ గాని కావలసియున్నది. చర్చిలలోను పెండ్లి ఆర్కెస్ట్రాలలోను వాయించి కూడబెట్టిన సొమ్ముతో ఇట్టి పెడలును కొనదలచిన విజయవాడ కుర్రవానికి, ఇది పదియేండ్ల తరువాత కూడ పనికివచ్చునా యను శంక కలుగుట మిక్కిలి న్యాయము. నా అభిప్రాయమును ముందే చెప్పెదను: ఫోనును ప్రక్కన పెట్టినప్పుడు ఏది సంపూర్ణముగా పనిచేయునో దానిని నిశ్చింతగా కొనవచ్చును, ఏది అప్పుడు సగమైపోవునో దానికి పూర్తి ధర యీయరాదు.

డిజిటల్ అను మాట వినినంతనే వెనుదీయ నక్కరలేదు. 1983లో జపానుదేశపు బాస్ సంస్థ డీడీ-2 అను డిలే పెడలును విడుదల చేసినది. రోలాండ్ ఎస్‌డీఈ-3000 అను స్టూడియో యంత్రము కొరకు రూపొందించిన చిప్పునే ఆ అరచేతి పెట్టెలో ఇమిడ్చి, ధ్వనిని 800 మిల్లీసెకనుల వరకు నిలిపి తిరిగి పలికించునట్లు చేసిరి. అందు ధ్వనిని నిలుపు పని జరుగునది అంకెలతోనే. అయినను దానికి అప్‌డేటు లేదు, ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు. నాలుగు నాబులను త్రిప్పి, మీటను త్రొక్కుటతో వాద్యకుని ప్రయత్నము ముగిసినది. నలువది యేండ్లు దాటిన డీడీ-2 పెడళ్లు నేటికిని పలుకుచున్నవనిన, వాని దీర్ఘాయువునకు కారణము ఇతరుల సాయము నపేక్షింపకుండుటయే.

ఇందుకు విరుద్ధమైన కథ అమెరికాకు చెందిన డిజిటెక్ వారి ఐస్టాంప్‌ది. 2012లో వెలువడిన ఆ పెడల్ వెనుకనున్న ఊహ నిజముగా రమణీయమైనది. పెట్టె యొక్కటే; ఐఫోనులోనో ఐప్యాడులోనో స్టాంప్ షాప్ అను యాప్ తెరచి, కోరిన ధ్వనిస్వరూపమును ఎన్నుకొని, ప్రత్యేకమైన కేబుల్ ద్వారా పెట్టెలోనికి దింపుకొనవచ్చును; ఉదయము డిలేగా నున్నది సాయంకాలమునకు డిస్టార్షన్ కాగలదు. అయితే ఒక సమయమున ఒక్క స్వరూపమే అందు నిలుచును. ఆ కేబుల్ ఆనాటి ఆపిల్ పరికరములకుండిన 30 పిన్నుల కనెక్టరునకు తగినట్లు చేయబడినది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ఆపిల్ ఆ కనెక్టరును విడిచి లైట్నింగ్ అను వేరొక దానిని ప్రవేశపెట్టెను. 2017లో ఐఓఎస్ 11 వచ్చుటతో పాత 32-బిట్ యాప్‌లు కొత్త ఫోనులలో తెరుచుకొనుట మానెను. డిజిటెక్ యజమానియగు హార్మన్ సంస్థ ఆ యేడే శామ్‌సంగ్ వశమైనది. 2022లో డిజిటెక్ పేరు కొరియాకు చెందిన కోర్‌టెక్ చేతికి పోయినది. ఈ మార్పులలో ఏ యొక్కటియు ఆ పెడలునకు కీడు చేయవలెనని తలపెట్టినది కాదు. ఆపిల్ తన పని తాను చేసికొన్నది. సంస్థలు చేతులు మారుట వ్యాపారమున నిత్యకృత్యము. కాని ఆ పెడల్ బ్రదుకు, దాని నెఱుగనైనను ఎఱుగని ఇందఱి నిర్ణయములతో ముడివడియుండెను. దారి మూసికొనిపోయిన వాని యింట పెట్టె చెడలేదు, చిప్పు కాలలేదు. కడపటిసారి దింపుకొన్న ధ్వని ఏదియో ఆ యొక్క ధ్వనితోనే అది మిగిలిపోయినది. బహురూపములు ధరింపగల దని కొన్న వస్తువు ఏకరూపమై నిలుచుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

అదే కాలమున, 2011లో, డెన్మార్కుకు చెందిన టీసీ ఎలక్ట్రానిక్ వారు టోన్‌ప్రింట్ అను పద్ధతిని తెచ్చిరి. ఫోనును గిటార్ పికప్ దగ్గర పట్టుకొనగా, ఫోను చేయు శబ్దమును పికప్ గ్రహించి గిటార్ కేబుల్ వెంట పెడలునకు పంపును. పెడల్ దానిని చదివికొని కొత్త ధ్వనిని నేర్చుకొనును. ఇంత చక్కని ఉపాయమును నేను ఈ రంగమున మరియొకదానిని చూడలేదు. అంతకంటె ముఖ్యమైనది, ఆ ఫోను లేకున్నను ఆ పెడళ్లలో ఫ్యాక్టరీ ధ్వనులు ఉండనే యున్నవి, నాబులు పనిచేయుచునే యున్నవి. అచ్చట సాఫ్ట్‌వేర్ అదనపు సంపద. ఐస్టాంపునందు అది తాళపుచెవి.

సాఫ్ట్‌వేర్ వలన కలిగిన మేలును తక్కువ చేసి చెప్పుట అన్యాయమగును. లైన్ 6 వారి హీలిక్స్ అను డిజిటల్ పెడల్ 2015లో వెలువడినది. అటుపిమ్మట అనేక సంవత్సరముల పాటు, పైసా అడుగకుండ, కొత్త ఆంప్లిఫయర్ నమూనాలను కొత్త ఎఫెక్టులను అప్‌డేట్ల రూపమున పంచుచు వచ్చిరి. 2022లో స్పీకర్ క్యాబినెట్ ధ్వనులను పలికించు విధానమునే క్రొత్తగా నిర్మించి పాత కొనుగోలుదారులకు ఉచితముగా ఇచ్చిరి. కొన్న నాటికంటె ఏడేండ్లకు మెఱుగైన వస్తువు పాత పెడళ్లలో ఎక్కడ దొరకును? హీలిక్స్ మీద నాబులు, తెర, మీటలు అన్నియు ఉన్నవి గనుక, కంప్యూటర్ లేకయే దానిని ఆద్యంతము దిద్దుకొనవచ్చును. ఫిన్‌లాండుకు చెందిన న్యూరల్ డీఎస్‌పీ వారి క్వాడ్ కార్టెక్స్ కూడ తాకుతెరపై సర్వమును దిద్దుకొనదగినదే. కాని 2021లో అమ్మకమునకు వచ్చిన ఆ యంత్రమునకు, ముందే మాట యిచ్చిన కంప్యూటర్ ఎడిటర్ 2023లో గాని రాలేదు. మాట నిలుపుకొనిరి, నిజమే. అయినను రాబోవు సౌకర్యమును ఎదురుచూచి నేడే ధర చెల్లించినవాడు రెండేండ్లు ఓపిక పట్టవలసివచ్చెను. కావున పెడలును అది నేడు చేయు పనికి కొనవలెను గాని, రేపు చేయునన్న పనికి కాదు.

వాద్యమునకు సంరక్షణ అవసరమగుట దోషము కాదు. బొబ్బిలి వీణకు సైతము మెట్లను నిలిపిన మైనము కాలక్రమమున సడలగా, దానిని కరిగించి మెట్లను తిరిగి స్వరస్థానములలో కూర్చవలసియుండును. కాని ఆ పనిని నేర్చిన ఏ పనివాడైనను చేయగలడు. పెడల్ సాఫ్ట్‌వేర్ విషయమున ఆ పనివాడు ప్రపంచమునకంతకును ఒక్కడే, అతడు ఆ సంస్థయే. విడిభాగములు సైతము కొద్దిచోట్లనే తయారగుచుండును: 2020 అక్టోబరులో జపానులోని నొబెయోకలో అసాహి కాసెయ్ వారి చిప్పుల కర్మాగారము అగ్నికి ఆహుతి కాగా, ధ్వనిని అంకెలుగా మార్చు కన్వర్టర్ల కొరకు ఆడియో తయారీదారులు దేశదేశముల వెదకవలసివచ్చెను.

కొనదలచినవారు అంగడిలోనే ఫోనును జేబులో పెట్టుకొని, పెడల్ మీదనున్న నాబులతో మాత్రమే తమకు కావలసిన ధ్వనిని రప్పింప యత్నింపవలెను. బ్లూటూత్ లేనిదే అందని గుణమేదైన నున్నచో ధర అడుగునప్పుడు దానిని మినహాయించుకొనవలెను. ఇంటికి వచ్చిన పిదప ఎడిటర్ ఇన్‌స్టాలరును, ఫర్మ్‌వేర్ ఫైలును, తమ ప్రీసెట్లను ఒక పెన్‌డ్రైవులో భద్రపఱచుకొని, వానిని నడపగల పాత ల్యాప్‌టాపును తుక్కువానికి అమ్మకుండుట మేలు. సెకండ్‌హ్యాండులో కొనువారు, పెడల్ ఖాతాకు ముడివడినదైనచో, డబ్బు చేతికిచ్చుటకు ముందే పాత యజమానిచే ఆ నమోదును విడిపించుకొనవలెను.

ఈ చిక్కునకు విరుగుడు ఏ యొక్క సంస్థకును చెందని ఫైళ్లలో కొంత కానవచ్చుచున్నది. స్పీకర్ క్యాబినెట్ స్వభావమును బంధించిన ఇంపల్స్ రెస్పాన్సులు సామాన్యమైన వేవ్ ఫైళ్లు. ఒక పెడలునందు నచ్చినదానిని మరియొక సంస్థ పెడలులోనికి ఎత్తుకొనిపోవచ్చును. న్యూరల్ ఆంప్ మోడలర్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆంప్లిఫయరు గొంతునే అట్లు ఎత్తుకొనిపోదగిన ఫైలుగా మార్చి అందఱికిని ఉచితముగా అందించుచున్నది, కొన్ని పెడళ్లు ఆ ఫైళ్లను ఇప్పటికే స్వీకరించుచున్నవి. తయారీదారులు ఇంకొక్క అడుగు వేసి, ఒక పెడలునకు అప్‌డేట్లు ఆపు దినమున, దానితో మాటలాడు పద్ధతిని కూడ ప్రకటించినచో, ఆ ఎడిటరును తిరిగి వ్రాయుటకు పూనుకొను ప్రోగ్రామర్లు మన హైదరాబాదులోనే దొరకుదురు.