అమెరికా పౌరసత్వం: ఇంటర్వ్యూలో అడిగేది మన ఊరి కాగితాలనే

బళ్ళారి, పావగడ, హోసూరు, గుణుపురం, సిరొంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ళు నేడు అరుదు కావు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండే సమయానికి అటువంటి ఇంటికి ఒక ఫోను వస్తుంది. "నాన్నా, బీరువాలో నా టి.సి. ఉంటుంది, తీసి చూడండి. అందులో నా పేరు ఎలా వ్రాశారు? పుట్టిన తేదీ ఏమని ఉంది?" తల్లిదండ్రులకు ఇది చిన్న విషయంగా తోస్తుంది. నిజానికి పౌరసత్వపు దరఖాస్తులో మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అమెరికా చరిత్రపై వేసే ప్రశ్నలు కావు. ఊరి నుండి వెళ్ళిన పేరు, తేదీ, కాగితం, ప్రయాణాల లెక్క, ఇవే. అందువలన ఈ విషయం అక్కడివారితో పాటు ఇక్కడివారికీ తెలిసి ఉండటం అవసరం.

గ్రీన్‌కార్డు అనగా శాశ్వత నివాసపు అనుమతి మాత్రమే, పౌరసత్వం కాదు. దాని మీద ఓటు హక్కు లేదు, అమెరికా పాస్‌పోర్టు రాదు, తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకునే హక్కు ఉండదు. పౌరసత్వం కోరేవారు ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ అర్హత కూడా మనవారికి తేలికగా దక్కినది కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు చట్టం చెప్పే 'శ్వేతజాతీయులు' కారని, కనుక పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చిన తరువాతనే ఆ తలుపు తెరుచుకున్నది.

దరఖాస్తుదారుకు 18 ఏళ్ళు నిండాలి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు కావాలి. అమెరికా పౌరుని లేక పౌరురాలిని వివాహమాడి కలసి జీవిస్తున్నవారికి మూడేళ్ళు చాలును. గడువుకు 90 రోజుల ముందే దరఖాస్తు పంపవచ్చును. 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన రుసుము ఆన్‌లైనులో 710 డాలర్లు, కాగితం మీద 760 డాలర్లు. ఆదాయం తక్కువైనవారికి 380. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు ప్రయాణాల దగ్గర మొదలవుతుంది.

పిల్లల ద్వారా గ్రీన్‌కార్డు పొందిన తల్లిదండ్రులు ఏటా ఊరికి వచ్చి నెలల తరబడి ఉండటం మనకు తెలిసినదే. పొలం కౌలుకు ఇవ్వాలి, వేరుశనగ కోత చూడాలి, బంధువుల ఇంట శుభకార్యాలు ఉంటాయి. "ఆరు నెలలలోపు తిరిగి వెళితే చాలు, ఏమీ కాదు" అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాటలో సగమే నిజం. చట్టం రెండు లెక్కలు వేరువేరుగా చూస్తుంది. మొదటిది నివాసం తెగకుండా ఉండటం. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటితే నివాసం తెగినదని అధికారి భావిస్తాడు. కాదని నిరూపించే భారం దరఖాస్తుదారుదే. ఇల్లు అక్కడే ఉన్నదని, పన్నులు కడుతున్నామని ఆధారాలు చూపాలి. ఏడాది లేక అంతకు మించితే నివాసం తెగినట్లే. రెండవ లెక్క, ఐదేళ్ళలో కనీసం 30 నెలలు శరీరంతో అమెరికా నేల మీద ఉండటం. ఒక తల్లి ఏటా రెండు విడతలుగా మొత్తం ఏడు నెలలు ఊరిలో ఉన్నదనుకుందాం. ఏ ఒక్క విడతా ఆరు నెలలు దాటలేదు. అయినా ఐదేళ్ళలో ఆమె అమెరికాలో ఉన్నది 25 నెలలే. దరఖాస్తు నిలువదు. రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నాము కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది గ్రీన్‌కార్డును కాపాడటానికి ఉపకరించేది, పౌరసత్వానికి కావలసిన రోజులను ఇచ్చేది కాదు.

ఐదేళ్ళలో చేసిన విదేశీ ప్రయాణాలు అన్నింటినీ తేదీలతో దరఖాస్తులో వ్రాయాలి. కాబట్టి గడువు ముగిసిన పాత పాస్‌పోర్టులను పారవేయరాదు. వాటి మీది ముద్రలే ఈ లెక్కకు సాక్ష్యం.

ఇక పేర్ల సంగతి. సరిహద్దు గ్రామాలవారికి ఇది ప్రత్యేకమైన కష్టం. ఆంధ్రలో పుట్టినవానికి ఇంటిపేరు ముందు వస్తుంది, పత్రాలలో అదే నిలుస్తుంది. హోసూరు, కృష్ణగిరి వైపు మన తెలుగు పిల్లవానికి కూడా బడిలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్‌గా పడుతుంది. పాస్‌పోర్టు తీసేటప్పుడు ఆ అక్షరం విరిసి తండ్రి పేరు ఇంటిపేరవుతుంది. తండ్రికి ఆయన తండ్రి పేరు ఇంటిపేరు. చివరకు తండ్రీకొడుకులకు ఒకే ఇంటిపేరు ఉండదు. కోలారు వైపు ఊరి పేరు, తండ్రి పేరు రెండూ ఇనిషియల్స్‌గా ఉండటం కద్దు. మహారాష్ట్ర బడులలో తండ్రి పేరు నడుమకు, ఇంటిపేరు చివరకు పోతుంది. పెండ్లైన స్త్రీకి నడుమ భర్త పేరు చేరుతుంది. లిపి కూడా తన పని తాను చేస్తుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. మన సీతమ్మ అక్కడ సీతమ్మాళ్ అవుతుంది, వెంకటేశు వెంకటేశన్ అవుతాడు. ఒడియా పత్రంలో వెంకటరావు బెంకటరావుగా మారటం ఆశ్చర్యం కాదు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా ఉండి రెండవది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరవుతుంది; పేరు ఉండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. 'పేరు తెలియదు' అని దాని అర్థం. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఉండగా, పేరు తెలియనివాడుగా ఏళ్ళ తరబడి బ్రతుకుతున్న మన పిల్లలు అక్కడ ఉన్నారు.

దీనికి పరిష్కారం దాచటం కాదు. పుట్టినది మొదలు వాడిన ఇతర పేర్లన్నింటినీ వ్రాయమని దరఖాస్తులోనే గడి ఉన్నది. టి.సి.లోని రూపం, పెండ్లికి ముందటి పేరు, వీసాలోని రూపం, అన్నీ అక్కడ వ్రాయాలి. వ్రాసినవాటిని అధికారి ప్రశ్నించినా వివరించవచ్చును. వ్రాయనిది తానుగా బయటపడితే అనుమానానికి తావిచ్చినట్లవుతుంది. పౌరసత్వ సమయంలోనే పేరు సవరించమని కోరే వీలు కూడా దరఖాస్తులో ఉన్నది. అటువంటివారు న్యాయస్థానంలో జరిగే ప్రమాణ కార్యక్రమానికి వెళ్ళాలి, న్యాయమూర్తి ఉత్తర్వు ఇస్తారు.

పుట్టిన తేదీలదీ ఇదే కథ. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా పల్లెలలో అది వేళ్ళూనటానికి చాలా కాలం పట్టింది. బడిలో చేర్చే రోజున వయసు చాలదంటే ఒక తేదీ వేసి చేర్చుకోవటం మా వృత్తిలోని పాత తరం వారికి అలవాటు. జూన్ 1న, జూలై 1న పుట్టినవారు మన ఊళ్ళలో అంతమంది ఎందుకున్నారో దీనిని బట్టి తెలుస్తుంది. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డులలో ఏ తేదీ ఉన్నదో దానినే అన్నిచోట్ల వాడాలి. జాతకంలోని తేదీ వేరని అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ పత్రాలు పంపవలసి వస్తే వాటికి పూర్తి ఆంగ్లానువాదం జోడించాలి. రెండు భాషలు తెలిసిన వారెవరైనా అనువదించవచ్చును. అనువాదం సమగ్రమని, సరియైనదని, తనకు ఆ భాషలు వచ్చునని అనువాదకుడు వ్రాసి సంతకం చేస్తే సరిపోతుంది. నోటరీ ముద్ర కావాలన్న నియమం లేదు. అనువదించే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పత్రంలో బెంకట అని ఉంటే బెంకట అనే వ్రాయండి. అక్కడ మన తెలుగు పాండిత్యంతో వెంకట అని దిద్దితే మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది.

దరఖాస్తు పంపిన తరువాత వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. కొన్ని నెలలకు ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. అధికారి ముందుగా కుడిచేయి ఎత్తించి సత్యమే చెబుతానని ప్రమాణం చేయిస్తాడు. ఆపై దరఖాస్తులోని అంశాలను ఒక్కొక్కటిగా అడుగుతాడు. ఎక్కడ నివసించారు, ఏ ఉద్యోగం, పన్నులు కట్టారా, ఎన్నడైనా ఓటరుగా నమోదయ్యారా, ఏ దేశంలోనైనా అరెస్టయ్యారా, నేరాభియోగం ఎదుర్కొన్నారా. చివరి ప్రశ్న దగ్గర ఊరివారు ఆలోచించాలి. గట్టు తగాదాలోనో కుటుంబ కలహంలోనో అమెరికాలో ఉన్న కొడుకు పేరును కూడా పోలీసు ఫిర్యాదులో చేర్చటం మన దగ్గర జరిగేదే. వానికి బెంగ ఎందుకని పెద్దలు చెప్పకుండా ఉంటారు. చెప్పవలసినదే. కేసు కొట్టివేసినా కోర్టు కాగితపు నకలు తీసి పంపాలి. అటువంటి చరిత్ర ఉన్నవారు దరఖాస్తుకు ముందే అక్కడి వలస న్యాయవాదిని సంప్రదించటం మంచిది. 2025 ఆగస్టులో అక్కడి శాఖ 'సత్ప్రవర్తన' పరిశీలనను మరింత లోతుగా చేయాలని తన అధికారులకు ఆదేశాలు ఇచ్చింది.

ఈ సంభాషణే ఆంగ్లంలో మాట్లాడే పరీక్ష కూడా. దానితోపాటు ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం వ్రాయాలి. ఒక్కొక్కదానికి మూడు అవకాశాలు ఇస్తారు. పౌరశాస్త్రపు ప్రశ్నలు నోటితో అడుగుతారు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల పట్టిక నుండి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. అంతకు ముందు దరఖాస్తు చేసినవారికి 100 ప్రశ్నల నుండి 10 అడిగి 6 కోరేవారు. ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ఉచితంగా ప్రచురించింది. డబ్బు పోసి పుస్తకాలు కొననక్కరలేదు. పాఠాలు చెప్పేవానిగా నా అభిప్రాయం, ఇవి బట్టీ పట్టినంత మాత్రాన వచ్చేవి కావు. రాజ్యాంగం, శాసనసభ, న్యాయస్థానం వంటి మాటలు మన బడిలోనూ చదివినవే. ముందు తెలుగులో అర్థం చేసుకొని, తరువాత ఆంగ్ల పదం నేర్చుకుంటే నిలుస్తుంది. దరఖాస్తులోని కఠినపదాలకు కూడా ఇదే మార్గం. 'విధేయత', 'హింసించుట' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాలను పలికి, దీని భావమేమిటని అధికారి అడగవచ్చును. అర్థం తెలియకుండా 'నో, నో' అని వరుసగా చెప్పుకుపోయేవారు అక్కడే తడబడతారు.

పెద్దవారి విషయంలో ఒక అపోహ బలంగా ఉన్నది. యాభై ఐదేళ్ళు దాటితే తెలుగులోనే ఇంటర్వ్యూ ఇవ్వవచ్చునని అనుకుంటారు. వయసు ఒక్కటే చాలదు. 50 ఏళ్ళు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు, లేదా 55 నిండి 15 ఏళ్ళు నివసించినవారికే ఆంగ్లం నుండి మినహాయింపు. వారు దుబాసీని వెంట తెచ్చుకొని పౌరశాస్త్రపు ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చును. 65 నిండి 20 ఏళ్ళు ఉన్నవారికి ప్రశ్నలు కూడా తక్కువ. 58వ ఏట వెళ్ళిన తల్లికి 63వ ఏట ఐదేళ్ళు నిండుతాయి, కాని ఆంగ్ల మినహాయింపు 73వ ఏట గాని రాదు. ఊరిలో నాలుగో తరగతి వరకు చదివిన ఆమెకు ఇది చిన్న సంగతి కాదు. జ్ఞాపకశక్తి లోపం వంటి వైద్యకారణం నిజంగా ఉంటే డాక్టరు ఎన్-648 పత్రం నింపి ఇవ్వవచ్చును. లేని జబ్బును వ్రాయించుకోవటం ప్రమాదకరం. లేనివారు ఆంగ్లం నేర్చుకోవలసినదే. అక్కడి గ్రంథాలయాలలో చాలాచోట్ల ఉచిత తరగతులు జరుగుతాయి. మొదటిసారి తప్పితే, తప్పిన భాగానికి మాత్రమే 60 నుండి 90 రోజులలో మరొక అవకాశం ఇస్తారు. దరఖాస్తును తిరస్కరిస్తే 30 రోజులలో పునర్విచారణ కోరవచ్చును.

నెగ్గినవారు కూడా ప్రమాణం చేసేవరకు పౌరులు కారు. ఆ ప్రమాణంలో పాత దేశం పట్ల విధేయతను విడనాడుతున్నామని పలకాలి. పలికి పౌరసత్వం స్వీకరించిన క్షణంలోనే, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, భారత పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను అంగీకరించదు. యానాం పెద్దలకు ఈ ఎంపిక కొత్త కాదు. 1962 ఆగస్టు 16న ఫ్రెంచి ఒప్పందం అమలులోకి వచ్చినపుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేందుకు అక్కడివారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. భారత పాస్‌పోర్టును అప్పగించి ధ్రువపత్రం తీసుకోవాలి. దానిమీద మళ్ళీ ప్రయాణం చేయటం నేరం. ఊరి ఓటర్ల జాబితాలో పేరు ఉంటే తొలగించమని ఇంటివారే దరఖాస్తు పెట్టాలి.

తరువాత తీసుకునేది ఓ.సి.ఐ. కార్డు. 2005లో వచ్చిన ఈ కార్డుతో జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. వ్యవసాయ భూమి కొనరాదు. ఈ చివరి నిషేధం విదేశంలో నివసించే భారత పాస్‌పోర్టు గలవారికీ ఉన్నదే. మన కుటుంబాలకు ముఖ్యమైనది మరొకటి. ఓ.సి.ఐ. గల కొడుకుకు తండ్రి తన పొలాన్ని దానపత్రంగా వ్రాసి ఇవ్వరాదు. వారసత్వంగా మాత్రం అది అతనికి సంక్రమించవచ్చును. కనుక బ్రతికి ఉండగానే పంచి ఇద్దామని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళేముందు న్యాయవాదిని అడగటం మేలు. వీలునామా వ్రాసేవారు కొడుకు పేరును టి.సి.లోని రూపంలోను, అమెరికా పౌరసత్వ పత్రంలోని రూపంలోను రెండు విధాలా వ్రాయించాలి. రేపు పహణీలో గాని, పట్టాలో గాని, ఏడు-పన్నెండులో గాని పేరు మార్చవలసి వచ్చినపుడు ఇద్దరూ ఒకరే అని చూపటానికి ఆ ఒక్క పంక్తి పనికివస్తుంది.