ఒక్క పేజీ వెబ్‌సైట్ ఎవురికి సరిపోతాది?

ఈ మద్దెన మా చక్రాయపేటలో, గండి కాడ చిన్న యాపారాలు చేసుకునేటోళ్ల నోట్లో ఒక మాట ఎక్కువ వినపడతాండాది. "మనకూ ఒక వెబ్‌సైట్ ఉంటే బాగుంటాది కదప్పా?" అడిగేది పెద్ద షోరూమోళ్లు కాదు. వంటమాస్టర్లు, షామియానాలోళ్లు, రూములు బాడుగకిచ్చేటోళ్లు. ఫోన్ల పని, ఆన్‌లైన్ పని చేస్తాంటాను కాబట్టి నన్నడుగుతారు. ఒకరొచ్చి "ఒకే పేజీ చాలన్నా, చౌక" అని చెప్పిపోతారు. ఇంగొకరొచ్చి "ఒక్క పేజీ దేనికీ పనికిరాదు, పది పేజీలు చేపించు" అంటారు. రొండూ నిజమే. యాపారాన్ని బట్టి.

ఒక్క పేజీ వెబ్‌సైట్ అంటే ఏం లేదు. ఏలితో కిందికి తోసుకుంటా పోతే అంతా ఒక్కచోటే కనపడతాది. పేరు, చేసే పని, ఫొటోలు, రేటు, దావ, ఫోన్ నంబరు. పాంప్లెట్ మాదిరి.

అసలు అందరికీ వెబ్‌సైట్ అక్కర్లేదు. పిండిమర, కిరాణా అంగడి ఉండాయనుకోండి. వచ్చేటోళ్లంతా చుట్టుపక్కల పల్లెలోళ్లే, మొకం చూపించి అప్పు రాపించుకునేటోళ్లు. వాళ్లు గూగుల్‌లో ఎతుక్కోని రారు. గూగుల్ మ్యాపులో అంగడి పేరు, నంబరు, తీసే టైము, మూసే టైము పెడితే శానా. దానికి పైసా ఖర్చు లేదు. అట్లాంటాయనకు వెబ్‌సైట్ అంటగట్టేది నాకు సరిగ్గా అనిపీదు.

మన మొకం తెలీనోడు మనల్ని నమ్మాల్సి వచ్చినప్పుడు వెబ్‌సైట్ పనికొస్తాది. గండి వీరాంజనేయస్వామి గుడి సంగతే చూడండి. శ్రావణమాసం శనివారాలొస్తే ఇసకేస్తే రాలనంత జనం. బెంగుళూరు నుంచి, అనంతపురం నుంచి కార్లేసుకోని వస్తారు. పక్కనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉండాది, పిల్లోళ్లను చేర్పించేదానికి ఎక్కడెక్కడి జిల్లాల నుంచో అమ్మానాయినలు వస్తారు. వీళ్లకు మనమెవురో తెల్దు. ఫోన్ చేసి ఏమడుగుతారు? రూముందా, దినానికెంత, బాత్రూం లోపలేనా, వండుకోనిస్తారా, గుడికి ఎంత దూరం, వేంపల్లెలో దిగితే ఎట్ల రావాల. ఎవురు చేసినా ఈ ఐదారు ప్రశ్నలే. ఇట్లాంటి యాపారానికి ఒక్క పేజీ కొలతేసి కుట్టిన చొక్కా మాదిరి సరిపోతాది.

అందుకే నన్నడిగినోళ్లకు ఒకటే చెప్తాను. వారం దినాలు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తెలీని నంబరు నుంచి ఫోన్ చేసినోళ్లు ఏమడిగినారో రాయండి. మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలైతే ఒక్క పేజీ చాలు, ఆ ప్రశ్నలకు జవాబులే మీ పేజీ. గండికోట కాడ టెంట్లేసి బాడుగకిచ్చేటోళ్లకూ ఇంతే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పక్క కడప రాయి అమ్మేటోళ్లకూ దగ్గర దగ్గర ఇంతే. సైజులేవి, మందమెంత, పాలిష్ ఉందా, లారీ బాడుగ ఎవురిది.

నోటుబుక్కులో ఒక్కొక్కరు ఒక్కొక్కటి అడిగింటే కత వేరే. పొద్దుటూరులో చీరల అంగడి తీసుకోండి. ఈ వారం ఉండే చీర వచ్చే వారం ఉండదు. ఒక్క పేజీలో నూరు చీరలు కుక్కితే చూసేటోడికి చెయ్యి నొప్పి పుడతాది. పోయిన నెల అమ్ముడుపోయిన చీర కావాలని ఫోన్ చేస్తారు. ఆ అంగడికి వాట్సాప్ బిజినెస్ కేటలాగు మేలు. అయిదు నూర్ల సరుకుల దాకా ఎక్కించొచ్చు, పోయింది పోయినట్టు తీసేయొచ్చు. యాపారం రొంత పెరిగినాక అన్ని పేజీలుండే పెద్ద సైటు గురించి ఆలోచన చేయొచ్చు. వంటలు, షామియానా, ఫొటోలు, మూడూ ఒక్కరే చేస్తాన్నా మూడు పేజీలుండేది మంచిది. షామియానా కోసం ఎతికేటోడికి షామియానా పేజీనే చూపించేది గూగుల్‌కు సులువైతాది.

"ఫేస్‌బుక్ ఉండాది, ఇన్‌స్టా ఉండాది, ఇంగ ఇదెందుకన్నా?" అంటారు కుర్రోళ్లు. అవి బాడుగిండ్లు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ఆపేసినారు, దాన్నే నమ్ముకోని యాపారం నడిపినోళ్లకు రాత్రికి రాత్రి అంగడి మూతపడింది. ఇంగొకటి శానామందికి తెలీదు. గూగులే చిన్న యాపారాలకు ఊరికే ఒక్క పేజీ వెబ్‌సైట్ చేసిస్తాన్నింది. 2024 మార్చిలో వాటినంతా మూసేసింది. జూన్ దాకా ఆ అడ్రసు నొక్కితే మ్యాపు లిస్టింగుకు పంపించి, తర్వాత అదీ ఆపేసింది. విజిటింగ్ కార్డు మీద, ఆటో ఎనక, గోడ మీద రాపించుకున్న అడ్రసులన్నీ వట్టివైనాయి.

అందుకే డొమైన్, అంటే సైటు పేరు, మన సొంతంగా ఉండాల. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి పెద్దగా లెక్క కాదు, నూర్లల్లోనే పోతాది. మొదటి ఏడు చౌకగా ఇచ్చి రొండో ఏడు పెంచుతారు, ముందే అడుక్కోండి. చేసిచ్చేటోడు తన పేరు మీద, తన మెయిలు మీద రిజిస్టర్ చేపిస్తే ఒప్పుకోవద్దండి. భూమి మనదైనా పాసుబుక్కు వాడి పేరు మీద ఉన్నట్టే అది. పేరొక్కటి మనదైతే, పేజీని గూగుల్ సైట్స్ మాదిరి ఊరికే దొరికే చోట పెట్టుకున్నా నడుస్తాది. అది మూతపడినా అదే పేరును ఇంగొక చోటికి తిప్పుకోవచ్చు.

పేజీ చేసేటప్పుడు మనోళ్లు ఎక్కువ చేసే పని, ఫ్లెక్సీ ఫొటో తీసి అదే పెట్టేది. ఫొటోలో ఉండే నంబరును ఏలితో నొక్కితే ఫోన్ పోదు. దాంట్లో ఉండే తెలుగును గూగుల్ సరిగ్గా చదువుకోలేదు. మాటలు అక్షరాలుగా టైపు చేయాల, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ ఉంటాది. పది పెడితే కొండల మద్దెన రొండు గీతల సిగ్నల్లో ఆ పేజీ తెరుచుకునేలోపల వచ్చినోడు పక్క రూముకు పోయింటాడు. చిన్నగా చేసి పెట్టండి.

రూములోళ్లకు ఇంగొక మాట. తిరుమల రూముల పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల కాడ లెక్క గుంజినారని టీటీడీ ఎన్నో తూర్లు హెచ్చరించింది. జనం భయపడి ఉండారు. కాబట్టి "ఇవి ప్రైవేటు రూములు, దేవస్థానానివి కావు" అని పేజీలో పైనే రాయండి. గూగుల్‌లో దొరికిన బొమ్మ కాదు, మీ రూము, మీ గడప, మీ గేటు ఫొటో పెట్టండి. మ్యాపు లింకు ఇవ్వండి. అడ్వాన్సు తీసుకుంటే ఎంత, రాకపోతే ఎంత తిరిగిస్తారో రాయండి. ఇది రాసినోడికి ముక్కూమొకం తెలీనోడు గూడా ధైర్యంగా అడ్వాన్సు ఏస్తాడు.

శ్రావణంలో రేటు పెంచేటట్టుంటే ఆషాఢంలోనే పేజీలో మార్చండి. పేజీలో ఎనిమిది నూర్లని పెట్టి, గడప కాడ పన్నెండు నూర్లంటే, బెంగుళూరు నుంచి పిల్లాపాపలతో వచ్చినోడు ఆ పొద్దుకు గమ్మున కట్టేసి, తిరుగు దావలో మ్యాపులో ఒక్క నక్షత్రం వేసి పోతాడు.