పురుగుమందులు – మూర్ఛ

పూర్వము కాకమారి గింజలను నూరి నీటిలో కలిపి చేపలను పట్టెడివారు. చేప గిరగిర తిరిగి తేలివచ్చును. ఆ గింజలోని విషమునకు పిక్రోటాక్సిన్ అని పేరు. మనమెఱిగిన ఎండ్రిన్, ఎండోసల్ఫాన్, లిండేన్ కర్మాగారములలో పుట్టినవే యైనను, మెదడునందు అవి చేయు పని ఈ కాకమారి చేయు పనియే.

మెదడులో ఒక నరకణము వేఱొకదానిని రేపును. మఱియొకటి 'చాలు, ఊరకుండు' మని అణచును. ఈ అణచుపని గాబా యను ద్రవ్యముది. అది తాకగా కణపు గోడలోని సన్నని ద్వారము తెఱచుకొని, ఉప్పులోని క్లోరైడు లోనికి పోయి, కణము శాంతించును. పై మందులు ఆ ద్వారమును మూసివేయును. పురుగు తన్నుకొని చచ్చుట అందుచేతనే. పెద్ద మోతాదు తగిలిన ఎలుకకు మూర్ఛ వచ్చుట వింత గాదు. నేను చెప్పదలచినది కొద్ది మోతాదు మాట.

1969లో కెనడా దేశమున గొడార్డ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఎలుక మెదడునకు దినమునకొక్కసారి అతిస్వల్పమైన విద్యుత్తును తాకించిన ఫలితములను విపులముగా ప్రకటించిరి. తొలుత ఎలుక కేమియు కాలేదు. కొన్ని దినములకు అదే విద్యుత్తునకు ఒడలెల్ల కొట్టుకొని నిండు మూర్ఛ వచ్చినది. విద్యుత్తు పెరుగలేదు, మెదడే మాఱినది. కొంతకాలము ఊరక విడిచి మరల తాకించినను మూర్ఛయే వచ్చినది. వారు పెట్టిన ఆంగ్లనామమునకు మన 'రాజుకొనుట' అను మాట చక్కగా సరిపోవును. పొయ్యిలో పుల్ల రాజుకొన్నట్లే.

తరువాత అమెరికాలో లిండేన్, ఎండోసల్ఫానులను, పైకి మూర్ఛ కనబడనంత కొద్దిగా నిచ్చి, ఇదే పరీక్ష చేసిరి. మందు పడిన ఎలుకలు మఱింత త్వరగా రాజుకొన్నవి. 1992లో ప్రకటితమైన పరీక్షలో విద్యుత్తు లేకయే, ఎండోసల్ఫానును కొద్దికొద్దిగా మాటిమాటికి ఇచ్చినంతనే, మొదట నిమ్మళముగా నున్న ఎలుకలకు క్రమముగా మూర్ఛలు పట్టుకొన్నవి.

ఎలుక మనిషి కాదు. ఊరిలో ప్రతి మూర్ఛకును పురుగుమందే కారణమనుట తొందరపాటు. కాని 'నిన్న కొట్టితిని, నాకేమి కాలేదుగదా' అను మాట ఈ విషయమున సాక్ష్యముగా నిలువదు. ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది. అటకపై పాత డబ్బా యున్నచో, ఖాళీదైనను, దానిలో నీరుగాని గింజలుగాని పోయకుడు.

మందు కొట్టినవాడు మూర్ఛిల్లినచో చేతిలో తాళపుచెవులు పెట్టుట నిష్ఫలము. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట ఏమియు పోయక, మందు తడిసిన బట్టలు తీసి, ఒడలు సబ్బునీట కడిగి, డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చుడు. అక్కడ ఇచ్చు డయజిపామ్ వంటి మందులు, గాబా తాకిన ద్వారము మఱింత తఱచుగా తెఱచుకొనునట్లు చేయును.