గింజలు గడపదాకా, మరి కూడు?

ముసలివాళ్లకీ వికలాంగులకీ ప్రభుత్వం యింటికి తెచ్చి యిచ్చేవి రెండు. ఒకటి పింఛను. 2024 జూలై నుంచి వృద్ధులకి నెలకి 4 వేలు, వికలాంగులకి 6 వేలు. రెండోది బియ్యం. 2021లో మొదలైన రేషన్ బండ్లు 2025 జూన్ 1 నుంచి ఆగిపోయాయి, మళ్లీ డిపోలే దిక్కయ్యాయి. అయితే 65 ఏళ్లు దాటినవారికీ వికలాంగులకీ డీలరే యింటికి చేర్చాలని నియమం పెట్టారు.

బియ్యం కూడు కాదు. బియ్యం వొండాలంటే నీళ్లు మొయ్యాలి, గ్యాసు వుండాలి, చేతులు ఆడాలి. కూరకి యింకా కష్టం. బియ్యం నెలకోసారి పంచొచ్చు గానీ, తోటకూర రెండో రోజుకే వాడిపోతుంది. తాజా తిండికి రోజూ వొచ్చే మనిషి కావాలి.

అచ్యుతాపురంలో ఆ మనిషే కరువు. సెజ్ కోసం భూములు పోయినప్పుడు పట్టా వున్నవాడికి చేను పోయింది. పట్టా లేని దళితుడికి చేలో కూలీ పోయింది, గట్టుమీద కోసుకునే ఆకుకూరా పోయింది. వయసు పిల్లలు షిఫ్టుకెళితే యింట్లో ముసలివాళ్లే మిగులుతారు. కాలనీ యిల్లు మేడమీద, మెట్లే దారి అయితే, కాళ్లు లేనివాడికి సంత వున్నా లేనట్టే. 5 రూపాయల అన్న క్యాంటీన్ కూడా నడిచి వెళ్లగలిగినవాళ్లదే.

చట్టం ఏమంటోంది? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకీ బాలింతలకీ పిల్లలకీ భోజనం హక్కుగా యిచ్చింది. ముసలివాళ్లకి గింజలతో సరిపెట్టింది. 2011 బిల్లులో దిక్కులేనివారికి రోజుకో పూట ఉచిత భోజనం వుండేది. చట్టం అయ్యేసరికి అది ఎగిరిపోయింది. పక్కనున్న తమిళనాడు 1983లోనే బడి పిల్లల మధ్యాహ్న భోజనాన్ని వృద్ధాప్య పింఛనుదార్లకీ విస్తరించింది. కాబట్టి యిది కాని పనేం కాదు.

మన వూళ్లలోనూ బడిలో, అంగన్‌వాడీలో రోజూ పొయ్యి వెలుగుతూనే వుంది. దాంట్లోనే మరికొన్ని గరిటెలు వొండి, కదల్లేనివారికి క్యారేజీ పంపితే చాలు. మోసే మనిషికి కూలీ యివ్వాలి. స్వయం సహాయక సంఘాల పేరుతో దళిత స్త్రీల చేత వూరికే చేయించకూడదు.

యింకో చిక్కుంది, కులం. వొండే చెయ్యి ఎవరిదని అడిగే సమాజం మనది. మధ్యాహ్న భోజన వంటమనుషుల నియామకంలో దళితులకి ప్రాధాన్యం యివ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆ మాట యీ క్యారేజీకీ వర్తించాలి. వొండేది దళిత స్త్రీ అయితే, అన్ని వీధులకీ ఆ కూడే వెళ్లాలి. వాడకో వంట అంటే అది ఆకలి తీర్చి అంటరానితనం నిలబెట్టడమే.

మొదటి పని లెక్క. పొయ్యి దగ్గర నిలబడలేనివారు యీ వాడలో ఎంతమంది? ఆ జాబితా పట్టుకుని గ్రామసభలో అడగాలి.