ఇక్కడ 100 కిలోలు... అక్కడ గ్రామే!

భూమ్మీద 60 కిలోలున్నారా? చంద్రుడిపై వెయింగ్ మెషిన్ ఎక్కితే 10 కిలోలే చూపిస్తుంది. అంగారకుడిపై దాదాపు 23. ఒళ్లేం తగ్గలేదు, కిందికి లాగే బలం తగ్గిందంతే!

మరీ చిన్న చోటయితే? 2014 నవంబరు 12న ఐరోపా వాళ్ల ల్యాండర్ ‘ఫిలే’ 67పి అనే తోకచుక్కపై దిగింది. ఆ తోకచుక్క వెడల్పు సుమారు 4 కిలోమీటర్లే. అందుకే ఇక్కడ 100 కిలోలుండే ఫిలే అక్కడ గ్రాము దగ్గరే తూగింది. నేలలో గుచ్చుకోవాల్సిన హార్పూన్లేమో పేలలేదు. ఇంకేముంది, బంతిలా పైకి లేచి, దాదాపు రెండు గంటలు తేలుతూ వెళ్లి ఓ గుట్ట నీడలో పడింది. ఎండ చాలక ఛార్జింగ్ ఎక్కలేదు. బ్యాటరీ రెండున్నర రోజులే వచ్చింది. అయినా ఆలోపే ఫొటోలు, కొలతలు భూమికి పంపేసి మరీ నిద్రలోకి జారుకుంది!