చెట్టుపైని కప్ప – చెట్టుక్రింది నీరు



కప్ప యనగానే మనకు బావియు, చెఱువును, వరిమడియు మనస్సున మెదలును. లోకము చూడనివానిని 'కూపస్థమండూకము' అనుట మన వాడుక. అమరసింహుడు తన నిఘంటువున కప్పకు చెప్పిన పేళ్లలో 'వర్షాభూ' అనునది యొకటి, 'ప్లవము' అనునది మఱియొకటి. వానతో పుట్టునదనియు, దుముకునదనియు వాని యర్థము. ఋగ్వేదమున ఏడవ మండలమునందు తొలకరికి గొంతెత్తు కప్పలపై ఒక సూక్తమే కలదు. అయినను నేలను విడిచి చెట్టుకొమ్మలపై కాపురముండి, ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు గాలిలో తేలిపోవు కప్ప మన దేశముననే కలదని చాలమంది యెఱుగరు. ఆ కప్పనుగూర్చియు, దానిని కాపాడుకొను విధమునుగూర్చియు నేడు మనవి చేసెదను.

శాస్త్రజ్ఞులు దీనిని 'రాకోఫోరస్ మలబారికస్' అందురు. మనము మలబారు ఎగురుకప్ప యనవచ్చును. 1870వ సంవత్సరమున దీనిని వర్ణించి పేరిడినవాడు జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు. ఆయన మనకు బొత్తిగా క్రొత్తవాడు కాడు. కొంతకాలము నెల్లూరున వైద్యాధికారిగా నుండి, ఈ ప్రాంతపు పక్షులను శ్రద్ధతో పరిశీలించెను. పోయినదనుకొనగా 1986లో కడప మండలమున మరల కనబడిన కలివికోడికి ఇంగ్లీషున ఆయన పేరే నిలిచియున్నది.

ఈ కప్పకు నివాసము పశ్చిమ కనుమలు. మహారాష్ట్రము మొదలు కేరళమువఱకు వానలు మెండుగా కురియు పచ్చని యడవులలోను, వాని యంచులనున్న కాఫీతోటలలోను ఇది వసించును. ఆడుకప్ప సుమారు 4 అంగుళముల పొడవు పెరుగును; మగది కొంత చిన్నది. వీపు చిగురాకువలె పచ్చగా నుండును. వ్రేళ్ల కొనలయందు గుండ్రని మెత్తలు, వ్రేళ్ల నడుమ నారింజవన్నె పొరలు కలవు. మెత్తలతో ఆకును పట్టుకొనును. కొమ్మనుండి దుమికినపుడు పొరలను గొడుగువలె విప్పి, 30 మొదలు 40 అడుగుల దూరము వాలుగా దిగును. పక్షివలె పైకెగురుట దీనికి లేదు.

ఇక దీని సంతానవిధము వినదగినది. నైరృతి ఋతుపవనము వచ్చి వానలు పట్టిన పిమ్మట, రాత్రివేళ మగకప్పలు నీటిగుంట ప్రక్కనున్న పొదలపై చేరి కూయును. ఆడుకప్ప నీటిపైకి వంగిన కొమ్మను ఎన్నుకొని, తాను స్రవించిన ద్రవమును వెనుకకాళ్లతో చిలికి, మజ్జిగపై తేలు నురుగువంటి గూడు కట్టును. గ్రుడ్లు ఆ నురుగులోనే యుండును. పలుమారు చుట్టుప్రక్కల ఆకులు దానికంటుకొని కప్పుగా నేర్పడును. గూటి పైభాగ మెండి పెచ్చుగట్టినను లోపల తడి యారదు. ఎండయు గ్రుడ్లకు సోకదు. కొన్ని దినములకు పిల్లలు పుట్టి, నురుగు కరగినపుడు చినుకులవలె క్రింది నీటిలో రాలును. అచట తోకకప్పలై పెరిగి, కాళ్లు మొలచిన తరువాత మరల చెట్టెక్కును.

ఇందలి ముఖ్యవిషయమును పెద్దలు గమనింపవలెను. ఈ ప్రాణికి చెట్టొక్కటి చాలదు, నీరొక్కటి చాలదు. నీటిపైకి వంగిన కొమ్మ కావలెను. గుంటను పూడ్చి చెట్టును ఉంచినచో, గూటినుండి రాలిన పిల్లలు పొడినేలపై పడి చచ్చును. గుంటను ఉంచి గట్టుపై పొదలు నఱికినచో, గూడు కట్టుటకే తావుండదు. నష్టము చూచుటకు చిన్నది. ఫలము మాత్రము సంతాననాశము. చెట్లను లెక్కించువారు కలరు, చెఱువులకు పేళ్లున్నవి. నాలుగు నెలలుండి యెండిపోవు వానగుంటను లెక్కించువారెవరు?

"ఈ కప్ప అంతరించిపోవుచున్నదా?" యని మీరడుగవచ్చును. లేదు, శాస్త్రజ్ఞులు దీనిని ఆందోళన యంతగా అక్కఱలేని జాతులలోనే చేర్చిరి. పశ్చిమ కనుమలలోని 39 స్థలములు 2012లో ప్రపంచ వారసత్వసంపదగా గుర్తింపబడినవి. అయినను అడవిని కొట్టి ఒకే జాతి మొక్కలు నాటుటయు, బాటలు వేయుటయు, మందులు చల్లుటయు దీని తావులను తగ్గించును. 2023లో ప్రకటింపబడిన ప్రపంచపరిశీలనలో, కప్పల వర్గమునకు చెందిన జాతులలో నూటికి 41 ఆపదలో నున్నట్లు తేలినది. కావున మెండుగా నున్నపుడే కాపాడుట వివేకము. నిండిన గాదెను ఎలుకలనుండి కాచుట సులభము. ఖాళీయైన పిదప నింపుట కష్టము. పచ్చికప్పకాళ్లకై పైరునేలల కప్పలను లెక్కలేకుండ పట్టి విదేశములకు పంపిన కాలము మనకు తెలియనిది కాదు. 1987లో ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధింపవలసి వచ్చెను.

పశ్చిమ కనుమల మాట మనకేల యని తలపకుడు. మన తెలుగుపల్లెలలోని చెట్టుకప్ప దీని దాయాదియే. గోధుమవన్నె మేనితో స్నానపుగదిలోను, నీళ్లకుండ వెనుకను, తలుపు సందునను కూర్చుండునది అదే. తొట్టిగోడపైనను, నీటియొడ్డు మొక్కలపైనను అదియు నురుగుగూడు కట్టును. వేసవిలో తన చర్మము స్రవించు జిడ్డును కాళ్లతో మేనంతయు పులుముకొని తడిని నిలుపుకొను నేర్పు దానికి కలదు. విషజంతువని కొందఱు దానిని చీపురుతో కొట్టి చంపుదురు. అది కఱచునది కాదు. రాత్రులందు పురుగులను తిని మనకు మేలే చేయును. దానిని అట్టతో మెల్లగా ఎత్తి, నీడనున్న చెట్టు మొదట విడిచిన చాలును.

గుంటలుంచినచో దోమలు పెరుగునని యొక సందేహము. ఇంటిచుట్టునున్న మురికిగుంటలను పూడ్పవలసినదే. ఊరికి దూరముగా తోటలలోను, చెఱువుగట్ల వెంటను నిలుచు వాననీటి మాట వేఱు. అట్టి తావులయందు నాలుగు పనులు చేయవచ్చును. నీటిపైకి వంగిన కొమ్మలను వానకాలము ముగియువఱకు నఱకరాదు. పురుగుమందు డబ్బాలను ఆ నీట కడుగరాదు. కొమ్మన వ్రేలాడు తెల్లని నురుగును కఱ్ఱతో పొడువవలదని పిల్లలకు చెప్పవలెను. గట్టు బాగుచేయునపుడు ఒకవైపు పొదనైనను విడిచి యుంచవలెను. వీనికి ధనవ్యయము లేదు. పెద్దల మాట యొక్కటి చాలును.

రాబోవు తొలకరికి మీ యూరి చెఱువుగట్టున ఏ కొమ్మ నీటిపైకి వంగియున్నదో చూచి, దానిని గొడ్డలికి దూరముగా నుంచుడు. ఇంతటితో విరమించుచున్నాను. స్వస్తి.