కథ చెప్పేవాణ్ణి నమ్మవచ్చునా?

డిటెక్టివ్ నవల అంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ కొంచెం చిన్నచూపే. రైల్లో చదివి సీటు మీద వదిలేసి దిగిపోయే పుస్తకమని పెద్దలంటారు. కాని ఒక డిటెక్టివ్ నవల గురించి జనం దాదాపు నూరేళ్ళుగా తగువులాడుకుంటున్నారంటే, ఆ తగువులో ఏదో విషయం ఉండే ఉంటుంది కదా! ఆ నవల పేరు ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’. రాసింది అగాథా క్రిస్టీ. 1926లో లండన్‌లో కాలిన్స్ వారు ప్రచురించారు. 2013లో బ్రిటన్‌లోని నేరకథా రచయితల సంఘం సభ్యులు ఓట్లు వేసి, ఇంతవరకూ వచ్చిన నేర నవలలన్నిటిలోకీ ఇదే మేలైనదని తేల్చారు. అయినా, “ఇది నవల కాదు, మోసం” అనే పాఠకులు నేటికీ ఉన్నారు.

అలాంటివారు మా బెంగుళూరు సంఘంలోనూ ఉన్నారని ఈమధ్యనే తెలిసింది. నెలకోసారి ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఈ నవల పెట్టుకున్నాం. ఒక గంటలో ముగియవలసిన చర్చ రెండున్నర గంటలు నడిచింది. కాఫీలు రెండుసార్లు వచ్చాయి. ఆ అభిప్రాయాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

ఒక హెచ్చరిక. ముగింపు చెప్పకుండా ఈ నవల గురించి మాట్లాడడం సాధ్యం కాదు. చదవనివారు, చదవాలనుకునేవారు ఇక్కడే ఆగి, పుస్తకం పూర్తిచేసి రండి. పత్రిక ఎక్కడికీ పోదు.

కథ సంగతి

కింగ్స్ ఆబట్ అనే ఇంగ్లీషు పల్లెటూరు. అక్కడ డాక్టరు షెపర్డ్, పెళ్ళికాని అక్క కేరొలైన్‌తో కలిసి ఉంటున్నాడు. కథంతా ఆయనే “నేను, నేను” అంటూ చెబుతాడు. ఫెరార్స్ అనే ధనికురాలైన వితంతువు నిద్రమందు ఎక్కువై చనిపోతుంది. ఆమె తన భర్తకు విషం పెట్టిందనీ, ఆ రహస్యం తెలిసిన ఎవరో ఏడాదిగా ఆమెను బెదిరించి డబ్బు గుంజుతున్నారనీ, ఆమెను పెళ్ళాడదలచిన రోజర్ అక్రాయిడ్ డాక్టరుతో చెబుతాడు. బెదిరిస్తున్నదెవరో రాసిన ఆమె చివరి ఉత్తరం ఆ రాత్రే పోస్టులో వస్తుంది. కొద్దిసేపటికి అక్రాయిడ్ తన గదిలో కత్తిపోటుతో చనిపోయి కనబడతాడు. ఉత్తరం మాయం. మారుకొడుకు పరారీ. పక్కింట్లో మకాం పెట్టి, వృత్తి మానుకుని కూరగాయలు పండించుకుంటున్న ఎర్క్యూల్ ప్వారో రంగంలోకి దిగుతాడు.

చివరికి తేలేదేమిటంటే, హంతకుడు డాక్టరు షెపర్డే. డబ్బు గుంజిందీ ఆయనే. ఇంతసేపూ మన చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పిన మనిషే!

ఈ ఎత్తును తనకు సూచించినవారు ఇద్దరని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది. ఒకరు ఆమె బావగారు. రెండోవారు లార్డ్ మౌంట్‌బాటెన్. తరువాత మన దేశానికి ఆఖరి వైస్రాయిగా వచ్చిన ఆయనే.

మోసమా, నేర్పా?

చర్చలో మొదట లేచినవారు రిటైరైన హెడ్‌మాస్టరు గారు. ఆయన కోపం నిజమైన కోపం. “కథ చెప్పేవాడే దొంగైతే ఇక పాఠకుడికి దిక్కెవరండీ? కుర్రాళ్ళకు పాఠం చెప్పకుండా పరీక్షలో ప్రశ్న ఇచ్చినట్టుంది” అన్నారు.

ఆయన కోపానికి కారణం ఉంది. మా తరం డిటెక్టివ్ నవలలు చదవడం కొమ్మూరి సాంబశివరావు గారితో మొదలుపెట్టింది. డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంటు రాజు ఉండేవాడు. రాజు మనవాడు. అతనికి తెలియనిది మనకూ తెలియదు, అతనికి తెలిసింది మనకూ తెలుస్తుంది. ప్వారోకి అలాంటివాడు హేస్టింగ్స్. ఈ నవలనాటికి హేస్టింగ్స్ పెళ్ళి చేసుకుని అర్జెంటీనా వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన ఆ కుర్చీలో డాక్టరు షెపర్డ్ వచ్చి కూర్చుంటాడు. కుర్చీని బట్టి మనం మనిషిని నమ్మేస్తాం.

ఆ రోజుల్లో ఇంగ్లండులోనూ ఇదే రభస. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది సూత్రాలు రాశాడు. డిటెక్టివ్ పక్కనుండే స్నేహితుడు తన మనసులోకి వచ్చిన ఆలోచనలను పాఠకుడి దగ్గర దాచకూడదని అందులో ఒకటి. ఎదుటి పక్షంలో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి క్రిస్టీని గట్టిగా సమర్థించింది. ఎవరినీ వదలకుండా అనుమానించడం పాఠకుడి పని, ఆ పని చేయకుండా రచయిత్రిని తిట్టడమేమిటని ఆమె వాదన. ఇక 1945లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్, అక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరిక్కావాలి అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసమే రాసి, మొత్తం డిటెక్టివ్ సాహిత్యాన్నే తీసిపారేశాడు. ఆయన ఎగతాళికి కూడా ఈ పేరే కావలసివచ్చింది చూడండి!

మా చర్చలో సేయర్స్ పాత్ర ఒక వకీలు గారు తీసుకున్నారు. ఆయన నవలను తెరిచి హత్య జరిగిన ఘట్టం చూపించారు. ఎనిమిది గంటల నలభై నిమిషాలకు ఉత్తరం గదిలోకి వస్తుంది. ఎనిమిది యాభైకి డాక్టరు గది వదిలి వెళతాడు. మధ్య పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో డాక్టరు రాయడు. కాని ఆ పది నిమిషాలు ఉన్నాయని రాస్తాడు!

“కోర్టులో సాక్షి ప్రమాణం చేసేటప్పుడు మూడు మాటలుంటాయి. నిజం చెబుతాను, మొత్తం నిజం చెబుతాను, నిజం తప్ప మరొకటి చెప్పను. ఈ డాక్టరు మొదటిదీ మూడోదీ పాటించాడు. మధ్యది వదిలేశాడు. మనం రెండో మాట మీద ఎప్పుడూ శ్రద్ధ పెట్టం” అన్నారు వకీలు గారు.

నర్సుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒకావిడకు ఈ వాదమేదీ పట్టలేదు. “కథ ఎలా చెప్పారన్నది మీరు తేల్చుకోండి. నాకు మాత్రం ఆ డాక్టరు చేసిన పనే కడుపులో తిప్పింది. రోగి ఇంట్లో చూసిన రహస్యాన్ని ఏడాదిపాటు అమ్ముకున్నాడు. కత్తి తరువాత సంగతి. అసలు ద్రోహం అక్కడే జరిగిపోయింది” అన్నారు. ఆమె మాట్లాడాక కాసేపు ఎవరూ నోరు మెదపలేదు.

ఆడవాళ్ళందరికీ ఏకగ్రీవంగా నచ్చిన పాత్ర డాక్టరు అక్క కేరొలైన్. గడప దాటకుండా ఊరి వార్తలన్నీ పోగుచేసే మనిషి. పాలవాడు, పనమ్మాయి ఆమె వేగులు. మన వీధుల్లో ఇలాంటి అక్కయ్య లేని వీధి ఉందా? తరువాత తాను సృష్టించిన మిస్ మార్పుల్‌కి కేరొలైన్ మీద తనకున్న ఇష్టమే మూలం కావచ్చునని క్రిస్టీ చెప్పుకుంది. ఊరంతటి గుట్టూ తెలిసిన కేరొలైన్‌కి తన ఇంట్లో ఉన్న తమ్ముడి గుట్టు తెలియకపోవడమే ఈ నవలలోని అసలు విషాదమని ఒక ఇల్లాలు అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

అవ్వ పట్టేసింది

ఇక ఆ సాయంత్రం అందరినీ ఆశ్చర్యపరిచిన సంగతికి వస్తాను.

ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి తన అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిలో కన్నడం, ఇంగ్లీషు నేర్చుకుంది. అవ్వకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. మన ఊళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. హోసూరులోనూ బరంపురంలోనూ షోలాపూరులోనూ ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు! ఒకే ఇంట్లో రెండు తరాలు, ఒకరి పుస్తకాలు మరొకరికి అందవు. అందుకని ఆ అమ్మాయి రోజుకు రెండు అధ్యాయాలు చదివి, రాత్రి భోజనాలయ్యాక అవ్వకు తెలుగులో చెప్పిందట.

మూడో రాత్రే అవ్వ అడిగిందట: “ఎవరే ఆ డాక్టరప్ప? ఏడ చూసినా ఆయప్పే ఉండాడు. సచ్చినోని ఇంట్లో ఆయప్పే, పోలీసోళ్ళ కాడా ఆయప్పే. ఊళ్ళో అందరి సంగతీ చెప్తాడు గాని, తన సంగతి ఒక ముక్కా చెప్పడే!”

ప్రపంచమంతా చివరి అధ్యాయం దాకా బోల్తాపడిన చోట అవ్వ మూడు రాత్రుల్లో ఎలా పట్టేసింది? అమ్మాయి అమాయకంగా అసలు రహస్యం చెప్పింది. “నేను అని చెప్తే అవ్వ నాకే జరిగిందనుకుంటుందని, ‘డాక్టర్ వెళ్ళినాడు, డాక్టర్ చూసినాడు’ అని చెప్పినానండి.”

అంతే! “నేను” తీసేసి “డాక్టరు” అని పెట్టేసరికి క్రిస్టీ వేసిన ముసుగు జారిపోయింది. డాక్టరు కూడా మిగిలినవాళ్ళతో పాటు వరసలో నిలబడ్డాడు. వరసలో నిలబడితే అవ్వ చూపుకు ఆనకుండా ఎలా ఉంటాడు?

అప్పుడు హెడ్‌మాస్టరు గారే ఇంకో మాట అందించారు. ఇంగ్లీషులో ప్రతి వాక్యంలోనూ ‘ఐ’ అనే అక్షరమైనా కనబడుతుంది. తెలుగులో ఆ అవసరం కూడా లేదు. “వెళ్ళాను, చూశాను, తలుపు వేశాను” అంటే చాలు. మనిషి క్రియ చివర ‘ను’లో దాక్కుంటాడు. ఈ నవలను ఎవరైనా మంచి తెలుగులో, డాక్టరు నోటితోనే చెప్పిస్తే, హంతకుడు ఇంగ్లీషులో కంటే భద్రంగా ఉంటాడు! అప్పటిదాకా మోసం మోసం అని వాదించిన మాస్టారే ఈ మాట అనడంతో అందరం నవ్వేశాం.

లెక్కల మనిషి మాట

నా అభిప్రాయం కూడా అడిగారు. నేను కామర్సు చదివి, బ్యాంకులో లెక్కలు చూస్తూ తల నెరిసినవాణ్ణి. నాకు ఈ నవల ఒక ఖాతా పుస్తకంలా కనబడింది.

లెక్కల్లో తప్పు రెండు రకాలు. ఒకటి, లేనిది రాయడం. రెండోది, ఉన్నది రాయకపోవడం. మొదటిది పట్టుకోవడం కొంత సులువు. రాసిన అంకె ఎదురుగా ఉంటుంది, దాన్ని రసీదుతో సరిపోల్చవచ్చు. రెండోదానికి సరిపోల్చడానికి ఏముంటుంది? ఖాళీని ఎవరు ఆడిట్ చేస్తారు? డాక్టరు షెపర్డ్ రాసిన ప్రతి పద్దూ సరిగ్గానే ఉంది. రాయని పద్దు ఒక్కటే హత్య.

బ్యాంకుల్లో ఒక నిబంధన ఉంది. కీలకమైన సీట్లలో పనిచేసేవారు ఏటా కొన్ని రోజులు తప్పనిసరిగా సెలవు మీద వెళ్ళాలి, అదీ ముందుగా చెప్పకుండా పంపుతారు. ఆ రోజుల్లో పుస్తకాలు ఇంకొకరి చేతికి వస్తాయి. సెలవే పెట్టని ఉద్యోగి ఎంత మంచివాడో అని బయటివారు మెచ్చుకుంటారు. ఆడిటరు మాత్రం ఆ పుస్తకాలనే ముందు తెరుస్తాడు. అమ్మాయి చేసిందీ ఇదే. డాక్టరును సెలవు మీద పంపి, ఆయన పుస్తకాలను తన గొంతుతో చదివి వినిపించింది. అవ్వ ఆడిటరయింది.

క్రిస్టీ న్యాయంగానే ఆడిందనడానికి నా దగ్గర డబ్బు ఆధారం కూడా ఉంది. తనకు ఏడాది క్రితం కొంత ఆస్తి కలిసివచ్చిందనీ, దాన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక బంగారు గని వాటాల్లో పెట్టి పోగొట్టుకున్నాననీ డాక్టరు తొలి అధ్యాయాల్లోనే ప్వారోతో అంటాడు. ఇంకోవైపు శ్రీమతి ఫెరార్స్ ఖాతాల నుంచి ఆ ఏడాదిలోనే సుమారు ఇరవై వేల పౌన్లు హరించుకుపోయాయి. 1920లలో అది చిన్న మొత్తం కాదు. ఒకచోట డబ్బు పోయింది, ఇంకోచోట వచ్చింది. డెబిట్టూ క్రెడిట్టూ రెండూ మన కళ్ళ ముందే పెట్టింది రచయిత్రి. మనమే రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడం.

అందుకే మోసం అనే మాటకు నేను ఒప్పుకోను. మోసపోయిన పుస్తకాన్ని రెండోసారి తెరవాలనిపించదు. ఈ పుస్తకాన్ని ముగింపు తెలిశాకే నిదానంగా చదవాలి. మొదటిసారి హంతకుణ్ణి వెతుకుతాం. రెండోసారి ఆయన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, “ఇక్కడ ఏం వదిలేశావు డాక్టరూ?” అని అడుగుతాం. అలా అడిగే అలవాటు నవలకే పరిమితం కానక్కరలేదు. పంపకాల దగ్గర ఒక అన్న చెప్పే లెక్క, పెళ్ళి సంబంధం మధ్యవర్తి చెప్పే గుణగణాలు, అన్నిటిలోనూ చెప్పినదంతా నిజమే అయివుండవచ్చు.

చర్చ ముగిశాక చేతులెత్తమన్నాం. మాస్టారు గారు, ఇంకో ఇద్దరు “మోసమే” అన్నారు. నర్సమ్మ గారు ఏ పక్షానికీ చెయ్యి ఎత్తలేదు. మిగిలినవారు “నేర్పే” అన్నారు. అయితే పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళింది మాత్రం మాస్టారు గారే.

వచ్చే నెలకు కొమ్మూరి వారి యుగంధర్ నవల ఒకటి పెట్టుకున్నాం. ఈసారి అవ్వ చదివి మనవరాలికి చెబుతుందట. “నేను” అని చెబుతుందో, “ఆయప్ప” అని చెబుతుందో చూడాలి.